చెవి డబ్బు

"కిటికీలకి వద్దు," అన్నాడు ఆయన.

అలారం అమ్మాయి కొలత టేపు కిటికీ చట్టానికి ఆనించి పట్టుకునే వెనక్కి తిరిగి, దొంగలు ఎక్కువగా కిటికీల్లోంచే వస్తారు బాబాయ్ గారూ అంది. మా ఇంటికి రారు అన్నాడు. మధ్యాహ్నపు ఎండ గదిలో సగందాకా వచ్చి కూర్చుంది, ఇంటావిడ బతికుంటే ఈపాటికి పరదా లాగేసేది. ఆయన కుర్చీలో కాస్త కదిలి, తొడ కింద పెట్టుకున్న దిండు గలీబు మీదికి ఒళ్ళు వాల్చాడు. గలీబులో ఉన్నది చెవి డబ్బు. ఆ పేరు ఆవిడ పెట్టిందే. కొట్టుకి దిండు గలీబులు కుట్టి ఇచ్చేది, వచ్చినదాంట్లో కొంత తీసి ఈ గలీబులో వేసి మూతి కుట్టేసేది, మళ్ళీ నెలకి కుట్టు విప్పి, వేసి, మళ్ళీ కుట్టేసేది, మీ ఎడం చెవికి మిషన్ కొనేదాకా ఇందులోంచి ఒక్క నోటు కదిలితే ఒట్టండీ అనేది. ఆయన నవ్వేవాడు. కుడి చెవి ఉందిగా, అటుపక్క నువ్వున్నావుగా. వీధిలో నడిచినా, బస్సులో కూర్చున్నా, మంచం మీద పడుకున్నా ఆవిడ ఆయనకి కుడిపక్కే, చివరికి ఆసుపత్రిలో మంచం పట్టినప్పుడు కూడా తను ఆయనకి కుడిపక్క వచ్చేలా ఆయన బల్ల జరిపించింది. ఇప్పుడు అటుపక్క ఈ అమ్మాయి ఉంది, టేపు పట్టుకుని. రాగానే తనే ఆ వైపు కుర్చీ చూపించాడు, ఎందుకని ఆమె అడగలేదు, నయం.

సైరన్‌లో రెండు రకాలున్నాయంటూ అమ్మాయి సంచిలోంచి రెండూ తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి సబ్బుపెట్టంత, రెండోది అన్నం గిన్నెంత. చిన్నది లోపలికి, మీరు నిద్ర లేచేంత మోగుతుంది, పెద్దది బయట గోడకి, కానీ దాని ఖరీదుతో ఇల్లంతా సెన్సర్లు పెట్టుకోవచ్చు, అందుకని ఇళ్ళకెవరూ కొనరు. పెద్దదే అన్నాడు. మీకు వినపడటానికి చిన్నది చాలు కదండీ అంది. నాకు కాదమ్మా, వీధికి వినపడాలి. ఈ వీధి ఒకప్పుడు ఆయన వేసే మిల్లు కూత వినే మంచం దిగేది. మిల్లు బాయిలరు గదిలో ఇనప మీట, లాగీ లాగీ అరచేతిలో కాయ కాసింది, అది ఇప్పటికీ పోలేదు. మీట లాగితే గొట్టం ముందు గొంతు సవరించుకునేది, తరవాత కడుపులోంచి ఎత్తుకునేది, గోడలు వణికేవి, దవడలో పళ్ళు వణికేవి. గొట్టం ఎడంవైపు. అందుకని ఎడం చెవి. డాక్టరు అది పూర్తిగా పోయిందని చెప్పినప్పుడు, నాకు తెలుసులెండి అన్నాడు, డాక్టరే చిన్నబుచ్చుకున్నాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, కూతాయన. బావమరిది వాచీల కొట్టు వెనక సందు చివర, గోడ నిండా గడియారాలు, మా బావ కూస్తేగానీ నా గడియారాలకి తెల్లవారదండీ అని వాడు వచ్చినవాళ్ళందరితో అనేవాడు. అది కుడివైపు మాట. వాడికి ఎడంవైపు మాటలు వేరే ఉండేవి. చుట్టాలంతా భోజనాలకి కూర్చుంటే వాడు ఏరికోరి ఆయనకి ఎడంపక్కన చేరేవాడు, తల వంచుకుని ఏదో అనేవాడు, చుట్టూ ఉన్నవాళ్ళకి నవ్వలేక పొలమారేది, అందరూ నవ్వుతుంటే బిగుసుకుని కూర్చోవడం బాగుండదని ఆయనా నవ్వేవాడు, దాంతో వాళ్ళు ఇంకా పడీపడీ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక ఏమన్నాడే మీ తమ్ముడు అంటే, ఏం లేదు లెండి, వాడి మొహం. ఒకసారి నిలదీస్తే చెప్పింది: మిల్లువాళ్ళు మా బావకిచ్చిన బోనసు ఆ చెవి, పెళ్ళాం ఎంత తిట్టినా సగమే పడుతుంది. అన్నది ఇంతే, పెద్ద మాటేం కాదు. వాడన్నందుకు కాదు, దానికి తను నవ్వినందుకు కడుపు రగిలింది, ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు.

ముందు తలుపుకి కూడా వద్దన్నాక అమ్మాయి పెన్ను మూసేసింది. మరి దేనికి పెట్టమంటారు. వంటింటి వెనక తలుపుకి, ఒక్కదానికే. గలీబు చంకలో పెట్టుకుని లేచి తనే దారి చూపించాడు. వంటిల్లు ఆవిడ వదిలినట్టే ఉంది, అరలో డబ్బాలు పొడుగు వరసనే ఉన్నాయి, పొయ్యి మాత్రం అంత శుభ్రంగా లేదు. అమ్మాయి రెండు తెల్ల ముక్కలు చూపించింది, అగ్గిపెట్టెలో సగమంత ఒక్కోటీ, ఒకటి తలుపుకి, ఒకటి చట్టానికి, పక్కపక్కన ఉన్నంతసేపు నోరెత్తవు బాబాయ్ గారూ, విడిపోతే మాత్రం ఇల్లెగిరిపోయేలా అరుస్తాయి. ఆయన వాటిని చేతిలోకి తీసుకుని చూశాడు. ఆసుపత్రిలో ఆవిడ పోయాక, ఆవిడ చేతిని నర్సు ఆయన చేతిలోంచి విడదీసినప్పుడు ఆయన అరవలేదు. నర్సు ఆ చేతికి సబ్బు రాసి రెండు గాజులూ మెల్లిగా లాగి, కాగితంలో చుట్టి ఇచ్చింది, బంగారమండీ, జాగ్రత్త అంది. జాగ్రత్తగానే తెచ్చాడు. ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఎక్కడ దాచేదో అక్కడే దాచాడు, పిండి డబ్బాలో, పిండి అడుగున. డబ్బా నోటికి గుడ్డ కప్పి, ఆ గుడ్డ నాలుగు కొసలూ లోపలికి మడిచి, అప్పుడు మూత పెట్టాలి, పురుగు పట్టకుండా. ఆవిడ పద్ధతి. వేరే ఇళ్ళలో ఎవరూ అలా మడవరు, ఆవిడ పుట్టింట్లో మడుస్తారు. మనిషి ఒంటి వేడి చూసి మోగే పరికరం కూడా ఉంది, ఈ మూల పెడితే ఎవరు అడుగుపెట్టినా పట్టేస్తుందని అమ్మాయి చెబుతోంది. చల్లటి చేతులకి మోగదన్నమాట, అనుకున్నాడు. ఆవిడ వస్తే దానికి తెలియదు. అదీ వద్దన్నాడు.

ఆ గాజులు పోయిన రోజు ఇలాగే మధ్యాహ్నం. ఆయన కుడి చెవి దిండులో పెట్టి పడుకున్నాడు, అలా పడుకుంటే ప్రపంచం ఉండదు, మిల్లు నుంచి వచ్చిన రోజుల్లో అదొక్కటే సుఖం. ఆవిడ బతికున్నప్పుడు పెరట్లో గిన్నెలు తోముతుంటే గాలికి తలుపు పడి గడియ దిగిపోయేది, ఎంత బాదినా ఈయనకి వినపడేది కాదు. చివరికి ఆవిడే ఉపాయం కనిపెట్టింది, చెక్కల సందులోంచి గరిటె కాడ దూర్చి, మోకాలితో తలుపుని కాస్త పైకెత్తి, గడియని లేపేది. దానికోసమని తోమే రాయి మీద ఒక గరిటె ఎప్పుడూ ఉండేది. తనకి చూపించింది, నవ్వుతూ. తమ్ముడికీ చూపించింది, నవ్వుతూ. మూడో మనిషికి తెలియదు. ఆ రోజు లేచేసరికి వెనక తలుపు గడియ వేసే ఉంది, ముందు తలుపు గొళ్ళెం వేసే ఉంది, నేల మీద పిండి రవ్వంత లేదు, డబ్బా మూత తీస్తే గుడ్డ నాలుగు కొసలూ లోపలికి మడిచి ఉన్నాయి. పిండి ఉంది. గాజులు లేవు. దొంగ గుడ్డ మడుస్తాడా? పోనీ మడిచాడే అనుకో, ఇంట్లో మనిషి పడుకుని ఉండగా వంటింట్లో డబ్బాలు దించే ధైర్యం ఎవడికుంటుంది, ఆ మనిషి ఏ చెవి మీద పడుకుంటాడో తెలిసినవాడికి తప్ప. తన చెవిటితనాన్ని తలుపు చేసుకుని వచ్చాడు. బంగారం పోయినదానికంటే అది ఎక్కువ మండింది.

పోలీస్ స్టేషన్‌కి బావమరిదే తోడొచ్చాడు. పద బావా నేనున్నాగా అని భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళాడు, ఆ చెయ్యి బరువు ఇప్పటికీ ఉంది. అక్కడ ఎడంపక్కన కూర్చున్నాడు. పోలీసుతో ఏదో అన్నాడు, మెల్లిగా, పెదాలు పెద్దగా కదలకుండా, పోలీసు మొహంలో విసుగు పోయి జాలి వచ్చింది. ఆ జాలి చూడగానే ఏమన్నాడో అర్థమైంది, మా అక్క పోయినప్పటినుంచీ ఈయనకి మతి నిలకడగా లేదండీ. పోలీసు వచ్చి చూశాడు. తలుపులు రెండూ లోపల్నుంచి వేసున్నాయంటున్నారు, పగలగొట్టలేదు, మరి ఎట్లా వచ్చాడు పెద్దాయనా, పొగలా దూరాడా? గరిటెతో తీయొచ్చు, చూపిస్తానన్నాడు. వీధంతా పెరటి గోడ దగ్గర పోగయింది. కాడ దూర్చాడు, మోకాలు ఆనించాడు, కాడ తిప్పాడు, గడియ లేవలేదు. మళ్ళీ దూర్చాడు. పక్కింటి కుట్టుమిషన్ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురింటి రిటైరైన కండక్టరు, టికెట్ లేకుండా ఎక్కనివ్వదులే కూతాయనా ఆ తలుపు, అన్నాడు. అది కుడివైపు నుంచే అన్నాడు. బావమరిది మాత్రం నవ్వలేదు, దగ్గరికొచ్చి గరిటె చేతిలోంచి తీసుకుని, నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు బావా, నిదానంగా వెతుకుదాం, అని రాయి మీద పెట్టాడు. ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ. ఆ తరవాత ఆయన రోడ్డు మీదికి వెళితే పిల్లలు చేత్తో గాలిలో గరిటె తిప్పేవాళ్ళు. ఒకరోజు వాచీ బాగుచేయించే నెపంతో కొట్టుకి వెళ్ళి, మీ అక్క గొలుసు కూడా ఇంట్లోనే ఉందిరా, పిండి డబ్బాలోనే పెట్టాను, బ్యాంకులో వెయ్యాలి, ఓపిక లేదు, అని వదిలి వచ్చాడు. గొలుసు ఎప్పుడో ఆసుపత్రికి ఖర్చయింది, అది వాడికి తెలియదు. వాడు వాచీలోంచి తలెత్తలేదు. కంటికి పెట్టుకున్న అద్దం మాత్రం ఒక్క క్షణం ఆగింది. గరిటెని ఆయన అక్కడే ఉంచాడు, ఎండకి ఎండి వానకి తడిసినా.

"మొత్తం ఇంతవుతుంది," అని అమ్మాయి లెక్క చూపించింది. పెద్ద సైరను, ఒక్క తలుపు, ఫోను చేసే పెట్టె, బిగింపు కూలి. ఆయన వంటింటి పీట మీద కూర్చుని గలీబు మూతి దగ్గర కుట్టు వేళ్ళతో తడిమాడు. ఆవిడ చివరిసారి వేసిన కుట్టు, అప్పటికే చెయ్యి పట్టు తప్పి దారం వంకరగా పోయింది, చివర ముడి మాత్రం గట్టిది. ముడి దగ్గర పళ్ళతో కొరికాడు. దారం నోట్లో మిగిలింది, ఉమ్మలేదు. నోట్లు మోకాళ్ళ మీద పోసి దులిపితే చిన్నవీ పెద్దవీ, మడతలు పడి మెత్తబడ్డవి, సరిగ్గా సరిపోయేలా ఉన్నాయి. అమ్మాయి వాటివంకా, ఇందాకటినుంచీ ఆయన తిప్పి పెడుతున్న తలవంకా చూసి, ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ, ఇంత డబ్బుకి మంచి చెవి మిషనే వస్తుంది, మా నాన్నకి కొన్నాం, ఎవరైనా వస్తే మీకే వినపడుతుంది కదా అంది. వినపడితే? లేచి పట్టుకుంటారు. పట్టుకుని? వాణ్ణి పట్టుకోవడం ఆయనకి కొత్తగా అక్కర్లేదు, గుడ్డ కొసలు చూసిన రోజే పట్టుకున్నాడు. తను వినడం దేనికి? ఒక్కడే విని, ఒక్కడే చూసి, మళ్ళీ వెళ్ళి చెబితే మళ్ళీ ఆ జాలి. గోడ దగ్గర నిలబడి నవ్వినవాళ్ళు వినాలి. ఆ నవ్విన నోళ్ళు తెరుచుకునే ఉండాలి. ఇది చెవికని దాచావు కదే, ఇదీ చెవికే, నాదొక్కదానికే కాదు, అంతే తేడా అనుకున్నాడు. ఆవిడ ఉంటే ఏమనేదో తెలుసు. కుడిపక్కకి వచ్చి, పాపం వాడండీ, చిన్నప్పట్నుంచీ అంతే, అనేది. కుడిపక్క గ్యాస్ బండ ఉంది.

"మోగగానే ఒక నంబరుకి ఫోన్ వెళ్తుంది. మీ పిల్లల నంబరు చెప్పండి."

"పిల్లల్లేరు."

"దగ్గరివాళ్ళెవరైనా?"

దగ్గరివాళ్ళు. ఆయనకి నోటికొచ్చిన నంబరు ఒక్కటే ఉంది. జ్వరంలో మూలుగుతూ కూడా ఆవిడ వల్లె వేయించిన నంబరు, తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచీ చెప్పించేది, నాకేదైనా అయితే ముందు మా తమ్ముడికే చెయ్యండి, పరుగెత్తుకొస్తాడు. నిజమే. ఆవిడ పోయిన రోజు పరుగెత్తుకొచ్చాడు. వాడు పరుగెత్తుకొచ్చే మనిషే, అదొక్కటి కాదనలేడు. అక్కడ ఆయన ఆలోచన ఆగింది. ఆగి, మీట లాగేముందు గొట్టంలో ఆవిరి కూడుకున్నట్టు నెమ్మదిగా కూడుకుంది. పరుగెత్తుకొస్తాడు. ముందు తలుపు తెరుచుకోకపోతే? నెలల తరబడి కాచుకుని కూర్చోవడం ఎందుకు, వాడు దొంగతనానికి రానక్కర్లేదు, వస్తే చాలు. నంబరు ఒక్కో అంకే విడివిడిగా చెప్పాడు, ఆవిడ చెప్పించినట్టే. అమ్మాయి రాసుకుని ఫోను పెట్టెలో ఎక్కించింది.

"ఒకసారి మోగించి చూద్దామా? ముందు వాళ్ళకి ఇది ఉత్తుత్తిదని చెప్పండి, భయపడతారు."

"చెప్పక్కర్లేదు."

"పాపం, పెద్దవాళ్ళేమో..."

"భయపడనీ అమ్మా."

లేచి వెళ్ళి ముందు తలుపుకి పైగొళ్ళెం, కిందగొళ్ళెం రెండూ వేశాడు. వంటింట్లోకొచ్చి వెనక తలుపు మూసి గడియ దించాడు, దించేముందు ఒకసారి బయటికి చూశాడు, గరిటె రాయి మీదే ఉంది. పెద్ద సైరన్‌ని కిటికీలో, వీధివైపు మూతి పెట్టించాడు. ఎర్ర మీట నేనే నొక్కుతానన్నాడు. అది మీట కూడా కాదు, బొత్తం. అరచేతి కాయ దాని మీద ఆనించి నొక్కాడు.

ఇది మిల్లు కూత కాదు, కడుపులోంచి రాలేదు, ముక్కుతో ఏడ్చే ఏడుపు, అయినా పళ్ళు వణికాయి. చాలు. అమ్మాయి చెవులు మూసుకుంది. ముందు కుట్టుమిషన్ ఆగింది, అది చప్పుడు వల్ల కాదు, గోడ అదురు ఆగడం వల్ల తెలిసింది. తరవాత ముందు తలుపు అదిరింది, ఒక చెయ్యి, రెండు చేతులు, చాలా చేతులు. అమ్మాయి తలుపు తీద్దామన్నట్టు చూసింది. ఆయన వేలెత్తాడు. కూర్చో. చప్పుడు మధ్యలోంచి, కుడి చెవిలోకి, బావా! బావా! అని సన్నగా, మళ్ళీ బావా! అని పెద్దగా, గొంతు చీరుకుపోయేలా. కిటికీ ముందునుంచి ఒక నీడ పెరటివైపు పరుగెత్తింది, దాని వెనక బోలెడు నీడలు. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి గడియ వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో గంట ముల్లు వంక కూడా అలా చూడలేదు. చెక్కల సందులోంచి గరిటె కాడ లోపలికొచ్చింది. తడుముకోలేదు. తలుపు మోకాలి దెబ్బకి అడుగునుంచి కాస్త లేచింది, కాడ ఒక్క తిప్పు తిరిగింది, గడియ తనంతట తనే లేచినట్టు లేచి పక్కకి పడింది. అమ్మాయి చెవుల మీద చేతులు అలాగే ఉంచి నోరు తెరిచింది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. వాడి నుదుటి మీద వాచీల అద్దం అలాగే ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు, రొప్పుతున్నాడు, కళ్ళనిండా నీళ్ళు. వెనకే కండక్టరు, కుట్టుమిషన్ ఆవిడ, పిల్లలు, గోడ ఎక్కినవాళ్ళు, దూకినవాళ్ళు. వాడు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, బతికే ఉన్నాడని చూసి, ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి వదిలాడు, ఆ ఊపిరి సగంలో ఉండగా తెలిసింది వాడికి. చేతిలో గరిటె. కండక్టరు ఆ గరిటె వంక చూశాడు, తలుపు వంక చూశాడు, పక్కకి దొర్లిన గడియ వంక చూశాడు, మళ్ళీ గరిటె వంక చూశాడు. కుట్టుమిషన్ ఆవిడ కొంగు ఈసారి నోటికి పోలేదు. ఎవరూ నవ్వలేదు. పరుగెత్తుకొచ్చాడు, నిజమే, ఆవిడ చెప్పినట్టే వచ్చాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. పట్టుబడింది వచ్చినందుకు కాదు. తెరిచినందుకు.

వాడు ఏదో మొదలుపెట్టాడు. పెదాల మీద అక్క అన్న మాట కనిపించింది, తరవాత ఇంకేదో ఉంది, పొడుగ్గా ఉంది, చేతులు జోడిస్తున్నట్టున్నాడు, గరిటె అడ్డమొచ్చి కుదరడం లేదు. అమ్మాయి ఎర్ర బొత్తం దగ్గరికి వెళ్ళి, ఆపనా బాబాయ్ గారూ అని సైగ చేసింది. ఆయన తల అడ్డంగా ఊపి, పెద్దదే బిగించమ్మా అన్నాడు. తరవాత బావమరిదివైపు తన ఎడం చెవి తిప్పి నిలబడి, కాయ కాసిన అరచేత్తో కుడి చెవి గట్టిగా మూసుకున్నాడు.